మూడు పక్కన రెండు గీతలు

గడియారం బాగుచేయడమంటే లోపలి మిషను బాగుచేయడమేనని ఈ పనిలోకి వచ్చే ప్రతివాడూ అనుకుంటాడు. నేనూ అలాగే అనుకుని వచ్చాను. కాని గడియారం ఇచ్చిన మనిషి మిషనును ఎప్పుడూ చూడడు. అతను చూసేది డయలు. రోజుకు రెండు నిమిషాలు వెనకపడినా సర్దుకుంటాడు. ఇచ్చినప్పుడు లేని మచ్చ ఒకటి తిరిగి తీసుకున్నప్పుడు కనిపిస్తే మాత్రం ఇంకెప్పుడూ మీ దుకాణానికి రాడు. ఆ మచ్చ మీరు చేసిందేనా కాదా అన్నది అతనికి అనవసరం.

నెల్లూరులో నలభై ఏళ్లకు పైగా చేతి గడియారాలు విప్పి బిగించాను. ఈ మధ్య పాత కీ గడియారాలు ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లు మళ్లీ వస్తున్నారు. వాటి మీద చెయ్యి పెడుతున్న కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: డయలు ఎలా తుడవాలి? నిలబడి చెప్పే సమాధానం కాదని ఇది రాస్తున్నాను. నేను ఎక్కడెక్కడ పనిచేశానో, సొంత దుకాణం ఎప్పుడు పెట్టానో ఇందులో ఉండదు. ఎక్కువగా ఒక్క డయలు గురించే ఉంటుంది. దాన్ని పాడుచేసింది నేను.

బొటనవేలు

మస్తాన్ సాయిబు గారి దుకాణంలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అప్పటికి పందొమ్మిదివందల యాభైలు ముగుస్తున్నాయి. బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా ఊరి గ్రంథాలయంలోనే. పొద్దున తలుపు తీసే వేళకు మెట్ల మీద కూర్చుని ఉండేవాణ్ణి. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం ఉన్న బీరువాలో తెలుగు పుస్తకాలన్నీ పూర్తిచేశానని గ్రంథపాలకుడు నలుగురిలో అన్నప్పుడు కలిగిన గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని దాచుకోను.

మొదటి రోజు సాయిబు గారు నన్ను ఏమీ అడగలేదు. పనికిరాని డయలు ఒకటి నా ముందు పెట్టారు.

"బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కు."

నొక్కాను.

"ఏమన్నా కనపడతా ఉందా?"

"లేదు సార్."

"నాకూ కనపడలా."

దాన్ని పట్టకారుతో అంచు పట్టుకుని తీసి, ఒక సీసామూతలో ఉంచి గూట్లో పెట్టారు. నాకు అర్థం కాలేదు. కార్తీకంలో వానలు పట్టాయి, సముద్రం గాలి వారాల తరబడి ఊరి మీదికి వీచింది. వానలు వెనకబట్టాక ఒక రోజు ఆ మూత తెచ్చి నా బల్ల మీద పెట్టారు. డయలు మీద నా బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ ఆకుపచ్చగా లేచి ఉన్నాయి.

"చూస్తివా పెంచలయ్యా. నువ్వు చేసే తప్పు నీ ముందర కనపడదు. గిరాకీ ఇంటికి పోయినాక కనపడతది."

చేతి చెమటలో ఉప్పుంటుందని, ఉప్పు రాగిని తింటుందని నేను చదివాను; డయలు రేకూ రాగి కలిసినదే. చదివినప్పుడు అది నా బొటనవేలి గురించి రాసినట్టు అనిపించలేదు.

పట్టుకునే పద్ధతి

ముళ్లు తీయబోయే ముందు పల్చటి కాగితానికి మధ్యలో చీలిక పెట్టి ముళ్ల కిందికి జరపండి. పట్టకారు జారితే గీత కాగితం మీద పడుతుంది. డయలు వెనక రెండు కాళ్లుంటాయి. వాటిని పట్టుకున్న మరలు వదులు చేయాలి గాని ఊడదీయకూడదు. బయటికి వచ్చిన డయలును అంచులతోనే పట్టుకోవాలి. సిగరెట్టు పెట్టెలో వచ్చే పల్చటి కాగితం వేళ్లకు అడ్డం పెట్టుకోవడం సాయిబు గారి పద్ధతి. నేను మంచి తొడుగులు దొరికే రోజుల్లో కూడా ఆ కాగితమే వాడాను.

దుమ్మును నోటితో ఊదకూడదు. ఊపిరితో తడి వస్తుంది, తడితో మచ్చ వస్తుంది. చెవిలో మందు వేసే రబ్బరు బుడ్డితో ఊదాలి. అప్పటికీ పోని దుమ్మును అద్దాలి, తుడవకూడదు. గోధుమపిండి గట్టిగా కలిపి, వేళ్లకు అంటకుండా పోయేదాకా పిసికి, ఆ ముద్దను దుమ్ము మీద ఆనించి తీసేవాళ్లం. మిషను పళ్ల సందుల్లో మురికి తీయడానికి మెత్తటి జీలుగు బెండు. పొలాల్లో దొరికేదే, విదేశీ సరుకు అక్కర్లేదు.

డయలు పని ఉన్న రోజు సాయిబు గారు అన్నం చెంచాతో తినేవారు. చేపల పులుసు కలిపిన చేతిని ఎన్నిసార్లు కడిగినా నూనె పోదని ఆయన నమ్మకం. అది నిజమే. పక్కన టీ అంగడి రమణయ్య వదిలిపెట్టేవాడు కాదు.

"ఏంది సాయిబన్నా, దొరైపోయినావా? పులుసన్నం చెంచాతోనా?"

"నువ్వు చేత్తోనే తిను రమణయ్యా. ఆ చేత్తోనే గ్లాసు ఇయ్యి. గ్లాసు మీద నీ వేలు చూసి ఎవడూ వాపసు ఇయ్యడు."

ఇంకొక మాట. డయలును కొత్తదానిలా చేయాలని చూడకండి. పాతబడిన పసిమి రంగు మురికి కాదు. దాన్ని వదిలించాలని చూసిన ప్రతివాడూ అంకెలు వదిలించాడు. అంకెలు, గీతలు పైన అచ్చువేసిన రంగు మాత్రమే. దాని మందం గోరుకు కూడా తగలదు.

చదివినవాడు

సాయిబు గారికి తెలుగు చదవడం రాదు. పొద్దున గ్రంథాలయంలో చదివింది మధ్యాహ్నం ఆయనకు చెప్పడం నాకు అలవాటు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని వింటూ ఉండేవారు. ఒకసారి లోహాల మీద మరకలు తీసే విధానాలు చెబుతుంటే అడిగారు.

"ఆ రాసినాయన డయలు పట్టుకున్నాడా ఎప్పుడన్నా?"

"ఆయన శాస్త్రవేత్త సార్."

"అయితే పట్టుకోలా."

ఆయన చదువును చిన్నచూపు చూశారని చాలాకాలం అనుకున్నాను. అది కాదు. ఆయన అడిగింది ఒక్కటే: పుస్తకంలో మరక నీ ముందున్న మరకేనా అని. ఆ ప్రశ్న నేను వేసుకోని రోజున ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

నర్సమ్మ గడియారం

మైపాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో కాంతమ్మ గారని కాన్పుల నర్సు ఉండేది. చేపలు పట్టేవాళ్ల పల్లె. ఒక రోజు బస్సు దిగి, ఒక ముసలామెను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. రుమాలు విప్పి చేతి గడియారం బల్ల మీద పెట్టింది. మధ్యలో నుంచి పొడుగాటి సెకన్ల ముల్లు తిరిగే రకం. ఆగిపోయి ఉంది. తెల్లటి డయలు మీద మూడు అంకె చుట్టూ శనగబద్దంత మేర పసుపుపచ్చగా ఉంది.

"నీళ్లలో పడిందామ్మా?" అన్నారు సాయిబు గారు.

"పడలా. ముంచినారు" అంది నర్సమ్మ. "ఇదిగో, ఈ పోలమ్మవ్వ ముంచింది."

ముసలామె వెనక్కి తగ్గలేదు.

"నేనే సామీ. నా మనవడు పుట్టినప్పుడు ఏడవలా. నీలంగా ఉండాడు. ఈమె బిడ్డ రొమ్ము మీద వేళ్లు పెట్టి ఆ ముల్లు చూసుకుంటా లెక్కబెట్టింది. ఊపిరి ఊదేది, లెక్కబెట్టేది. అంతసేపూ ఆ ముల్లు తిరగతానే ఉంది. అది ఆగలా, బిడ్డా ఆగలా. పసుపు నీళ్లతో కడిగి బొట్టు పెట్టినా. కొత్త వలకి పెడతాం, పడవకి పెడతాం, దీనికి పెడితే తప్పా?"

"పైన బొట్టు పెడితే నేనేమన్నా అన్నానా? గిన్నెలో వేసి కడిగితివే" అంది నర్సమ్మ.

"కడక్కుండా మురికి మీదనే పెట్టేదా బొట్టు?"

నీళ్లు ఎటుగా పోయాయో తేలిగ్గానే తెలుస్తుంది. కీ తిప్పే బొత్తాం మూడు పక్కనే ఉంటుంది. దాని సందులోంచి పోయి అక్కడే ఆరాయి.

నర్సమ్మ తన ఇబ్బంది చెప్పింది. పల్లెలో ఇంకొక అమ్మాయికి పదిరోజుల్లో కాన్పు. మొదటి కాన్పులో బిడ్డ పోయింది. కడుపు మీద గొట్టం ఆనించి లోపలి గుండె చప్పుడు పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగు ఇంతలు చేస్తుందట. ఆ లెక్క తగ్గితే ఆ క్షణమే బండి కట్టించి నెల్లూరు ఆసుపత్రికి తేవాలి. "గడియారం లేకుండా నేను చెయ్యి కూడా పెట్టను. పోయినసారి నేను ఆ ఊళ్లో లేను. ఈసారి ఉండాను" అంది.

సాయిబు గారు వారం గడువు అడిగారు. వాళ్లను బస్సు దాకా సాగనంపడానికి నేను వెళ్లాను. బస్సు ఎక్కుతూ పోలమ్మవ్వ నా వైపు తిరిగింది.

"అబ్బయా, కాస్త ఎండలో పడేయండి దాన్ని. పసుపే గదా."

"అది చీర కాదవ్వా" అన్నాను. నవ్వాను కూడా.

ఎరుపు

మరునాడు సాయిబు గారు బంధువుల పెళ్లికి గూడూరు పోవాలి. మిషను అప్పటికే విప్పి ఉంది. "మిషను పెట్రోలులో కడిగి నూనె పెట్టు. డయలు జోలికి పోవద్దు" అని చెప్పి వెళ్లారు.

మిషను పని మధ్యాహ్నానికి అయిపోయింది. డయలు సీసామూతలో ఉంది. మరకలు తీసే అధ్యాయం నాకు కంఠతా వచ్చు. నూనె మరకకు, చెమట మరకకు, ఆకు పసరుకు పలుచటి సబ్బు నీళ్లు, చిటికెడు చాకలిసోడా, మెత్తటి కుంచె అని రాసి ఉంది. పసుపు ఆకు పసరు లాంటిదేనని నాకు నేనే చెప్పుకున్నాను. నేను ఈ పని చేసి చూపిస్తే ఆయన ఇకపైన పుస్తకం గురించి ఆ ప్రశ్న అడగరు. నిజం చెప్పాలంటే నన్ను పురికొల్పింది నర్సమ్మ ఇబ్బంది కాదు, అది.

కుంచె ముంచి మూడు పక్కన అద్దాను. పచ్చటి మరక ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపిన పారాణంత ఎరుపు, నేను చూస్తూ ఉండగానే.

సబ్బు, సోడా లాంటి క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. పసుపు అద్దిన కాగితంతో క్షారాన్ని పరీక్షించే పద్ధతి నేను చదివినదే, బహుశా ఆ పుస్తకంలోనే, వేరే రోజున. పారాణి చేసే ప్రతి ఇల్లాలికీ తెలిసినదే. రెండు పుటలూ నా తలలో ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని చూడలేదు.

అప్పుడైనా ఆగాలి. కంగారులో కుంచెతో మరొకసారి, ఇంకొకసారి రుద్దాను. తరువాత ఆమ్లం క్షారాన్ని విరుస్తుందని గుర్తొచ్చి, నిమ్మరసం చుక్క నీళ్లలో కలిపి అద్దాను. ఎరుపు పోయి మళ్లీ పచ్చబడింది. మంచినీళ్లతో తడిపి, అద్దుడు కాగితంతో ఆరబెట్టాను. రెండు గంటలు కష్టపడి మొదలుపెట్టిన చోటికి వచ్చాను. భూతద్దం పెట్టి చూస్తే పచ్చదనం కింద మూడు అంకె ఎదురుగా ఉండాల్సిన సెకన్ల గీత లేదు. దాని పక్క గీత కూడా లేదు. కుంచె కొసకు నల్లగా అంటుకుని ఉంది.

ఎండ

సాయిబు గారు వచ్చి డయలు చూశారు.

"గీతలు యాడబోయినాయి?"

"పసుపు నీళ్లకే ఊడినట్టున్నాయి సార్" అన్నాను.

ఆయన లేచి గూట్లోంచి నా బొటనవేలి డయలు తీసి దీని పక్కన పెట్టారు. కుర్చీలో కూర్చుని వేరే గడియారం విప్పడం మొదలుపెట్టారు. నేను అరగంట ఓర్చుకున్నాను. తరువాత సబ్బు నీళ్ల నుంచి నిమ్మకాయ దాకా చెప్పాను. మాటల్లో, ముసలామె ఎండలో పెట్టమన్నదని, దానికి నేను నవ్వానని కూడా చెప్పాను.

ఆయన చేతిలో పని ఆగింది.

"ఎండలో పెట్టమనిందా? పెట్టినావా?"

"లేదు."

"సబ్బు పెట్టినావు. ఎండ పెట్టలా. సబ్బు పుస్తకంలో ఉంది, ఎండ ముసల్దాని నోట్లో ఉంది. అంతేనా?"

వెనక పెరట్లో గోడ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద డయలు పెట్టి, దుమ్ము పడకుండా గాజు గ్లాసు బోర్లించారు. పొద్దుటి ఎండలోనే, అదీ రెండేసి గంటలు. పైపూత వేడికి ముడుచుకుంటుందని మధ్య మధ్య వెళ్లి గ్లాసు ఎత్తి చూసేవారు. మొదటి రోజుకు పచ్చదనం పాలిపోయింది. మూడో రోజుకు, ఫలానా చోట ఉండేదని తెలిసినవాడికి తప్ప కనపడకుండా పోయింది. ఎండ కదిలించిన గీత ఒక్కటీ లేదు. వెలుతురు పసుపు రంగును విరిచేస్తుందని తరువాత ఎన్నో ఏళ్లకు ఒక పుస్తకంలో చదివాను. పోలమ్మవ్వ చీరలు ఆరేసి తెలుసుకుంది.

మరక పోయాక ఖాళీ స్పష్టంగా కనిపించింది. ఆ రెండు గీతలూ నల్లరంగుతో గీయమని ఆయన్ని బతిమాలాను. ఒక వెంట్రుక కుంచెతో ఆయన అంకెలు దిద్దడం నేను చూశాను.

"గీయగలను. వెంట్రుకంత పక్కకు పోయిందనుకో. ఆమె దాన్ని నమ్ముకుని బిడ్డ గుండె లెక్కబెడతది. ఖాళీని ఎవురూ నమ్మరు" అన్నారు. గడియారం బిగించి నా చేతిలో పెట్టారు. "నువ్వే పోయి ఇచ్చిరా. నోటితో చెప్పిరా."

ఆరు నుంచి తొమ్మిది

మైపాడు బస్సు దిగి ఇసుకలో నడిచి పోయేసరికి కాంతమ్మ గారు తన ఇంటి ముందు అరుగు మీద సూదులు ఉడకబెడుతోంది. గడియారం చేతిలో పెట్టి, ఆమె మెచ్చుకోకముందే చెప్పేశాను. ఆమె డయలు కంటి దగ్గర పెట్టుకుని చూసింది.

"అరవై గీతలుంటే, పోగొట్టేదానికి నీకు పదిహేనో గీతే దొరికిందా అబ్బయా?"

"మరక అక్కడే ఉందమ్మా."

"పన్నెండు దగ్గర మొదలుపెట్టి మూడు దగ్గర ఆపడం నా కంటికి అలవాటు. కంగారులో కన్ను అలవాటైన చోటికే పోతుంది. అక్కడికి పోతే ఏముంది, ఉత్త తెల్లగోడ." గడియారానికి కీ తిప్పింది. "ఆ పిల్లకి ఇంగ నాలుగైదు రోజులు. కూర్చో. చెయ్యి ఇటియ్యి."

నా మణికట్టు పట్టుకుంది. పన్నెండు నుంచి లెక్కపెట్టింది. మూడు దగ్గర ఆమె చూపు తడబడింది. ఆపాల్సిన చోటు దాటిపోయింది. పెదవి విరిచి, ముల్లు కిందికి దిగేదాకా ఆగి, ఆరు దగ్గర మొదలుపెట్టి తొమ్మిది దగ్గర ఆపింది.

"ముప్పై ఒకటి. నాలుగింతలు నూట ఇరవై నాలుగు. ఇంత భయం ఎందుకు, కొట్టనులే."

మళ్లీ లెక్కపెట్టింది. అలవాటున చూపు పన్నెండుకు పోయింది. తనను తానే తిట్టుకుని మళ్లీ ఆరు నుంచి. ఎన్నిసార్లో నాకు గుర్తులేదు. ఇంటి ముందుకు నలుగురు చేరారు. ముల్లు మూడు దగ్గర ఖాళీ దాటడం చూసి సిద్ధం కావడం, ఆరు దగ్గర మొదలుపెట్టడం ఆమెకు క్రమంగా చూపులో పడింది. ఆమె పడే పాటుకు నేను చేయి అరువిచ్చి కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

"ఇరవై" అంది చివరికి, చెయ్యి వదిలేస్తూ. "ఇప్పుడు నువ్వూ దారికొచ్చినావు, నేనూ వచ్చినా."

పోలమ్మవ్వ ఆ చుట్టూ చేరినవాళ్లలోనే ఉంది. చంకలో మనవడు. డయలు చూసింది.

"ఎండలో పెట్టినట్టుండారే."

"పెట్టామవ్వా."

"అది చీర కాదంటివే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆమె లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. కాంతమ్మ గారు గడియారం గుప్పిట్లో మూసింది. నేను మధ్యలో పడి, పొడి కుంకుమ అయితే, వెనక మూత మీద అయితే పెట్టుకోవచ్చని చెప్పాను. అవ్వ చెయ్యి పమిటకు తుడుచుకుని మరీ పెట్టింది. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇదంతా లేదు. అప్పటి నుంచి గడియారం ఇచ్చేటప్పుడు ప్రతి గిరాకీకీ చెప్పాను: బొట్టు పెట్టాలంటే వెనకవైపు, పొడిది.

తరువాత

ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఒక దశలో లెక్క తగ్గిందని, బండి కట్టించేలోపే మళ్లీ పుంజుకుందని, ఆరు నుంచి తొమ్మిది దాకా ఎన్నిసార్లు లెక్కపెట్టిందో తనకే తెలియదని కాంతమ్మ గారు మరుసటి ఏడు నూనె పెట్టించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది. దీన్ని నా తప్పుకు సర్దుబాటుగా ఎవరూ తీసుకోవద్దు. ఒక మనిషి తన కంటి అలవాటును నాలుగైదు రోజుల్లో మార్చుకోవలసి వచ్చింది, నేను ఒక ప్రశ్న వేసుకోనందుకు. ఆమె మార్చుకోగలిగింది. మార్చుకోలేని మనిషి అయి ఉండవచ్చు.

అందుకని ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెబుతున్నాను. చదవండి, బాగా చదవండి. చదివింది డయలు మీదికి తెచ్చే ముందు, ఆ మరక ఏమిటో దాన్ని రోజూ ఉతికేవాళ్లను అడగండి. తరువాత పనికిరాని డయలు మీద చేసి చూడండి. ముట్టుకోబోయే ముందు దాని మీద ఏమేమి ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక మళ్లీ లెక్కపెట్టండి.

కాంతమ్మ గారి గడియారం చాలా ఏళ్లు మా దగ్గరికే వచ్చింది, సాయిబు గారు పోయాక నా దగ్గరికే. వెనక మూత తీస్తే అంచు సందులో కుంకుమ రేణువులు ఒకటి రెండు ఉండేవి. పిండి ముద్ద అద్ది తీసేసేవాణ్ణి. కుంకుమైనా ఇసుకైనా మిషనుకు ఒకటే. తరువాత డయలు వెలుతురుకు తిప్పి, పన్నెండు నుంచి మొదలుపెట్టి గీతలు లెక్కపెట్టేవాణ్ణి. యాభై ఎనిమిది. మళ్లీ ఒక్కటి కూడా తగ్గలేదు.